మళ్ళీ మాస్టారి రేకు డబ్బా

ఆ డబ్బా ఇటు తొయ్యి అమ్మడూ. అదే, మూత మీద రంగు పోయిన రేకు డబ్బా, కత్తెర అందులోనే ఉంది. కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు ఊగుతోంది, ఆ గుడ్డల మూట మీద కూర్చో, మెత్తగా ఉంటుంది. ఏం, మాట్లాడవా? ముఖం మాడ్చుకుని వచ్చి నా మిషను ముందు నిలబడితే నాకు అర్థం కాదనుకున్నావా? తెలుసులే, నేనూ మైదానంలోనే ఉన్నాను కదా పొద్దున. ఉండు, ఈ అంచు కుట్లు లెక్కపెడుతున్నా. పద్దెనిమిది, పంతొమ్మిది... ఏమన్నావ్? రేపు రావా? గ్లైడరు రెక్క ఇంకెవరినైనా పట్టుకోమంటావా? అదీ సంగతి. నువ్వు ఒక్కసారి ఆపు అని అరిస్తే నలుగురూ నవ్వినందుకు ఇంత అలకా? సరే, నీ ఇష్టం. రెక్క పట్టుకోవడానికి మనుషులు దొరక్కపోరు. కానీ వచ్చావు కదా, ఈ గుడ్డ ఆ కొస పట్టుకో. తాడుకి కట్టే గొడుగు ఇది. నిన్న చెరుకు మోళ్ళ మీద పడి ఇంత పొడుగున చిరిగింది. రేపు పొద్దున్నకల్లా కావాలంట. ఈ షెడ్డులో కూర్చుని ఇలాంటివి ఎన్ని కుట్టానో, మీ తాత ఉన్నప్పటి నుంచీ.

నువ్వు చూళ్ళేదు కదూ మీ తాతని? ఎలా చూస్తావు, నువ్వు పుట్టేసరికే వెళ్ళిపోయె. ఫొటోలో చూసి ఉంటావు, మీసం ఒకటే కనపడుతుంది ఆ ఫొటోలో, మనిషి కనపడడు. మీకు తాత, నాకు బావ. మా అక్క మొగుడు. వారమంతా గడియారాల కొట్లో కన్నుకి గాజు బిళ్ళ పెట్టుకుని కూర్చునేవాడు, సెలవు రోజు వస్తే ఇక్కడికొచ్చి గ్లైడరు నడపడం నేర్పేవాడు. మళ్ళీ మాస్టారు అనేవారు అందరూ. ఎందుకంటావా? అక్కడికే వస్తున్నా. అసలు ఆ పేరు రావలసింది మీ నానమ్మకి. ఈయన కొట్టేశాడు.

అప్పుడు మాకు బజారులో బట్టల కుట్టు కొట్టు ఉండేది, ముందు గదిలో నేనూ, వెనక గదిలో మా అక్కా. ఒకరోజు ఓ సన్నటి మనిషి ఇంత పెద్ద గుడ్డ మూట నెత్తిన పెట్టుకుని వచ్చాడు. దుప్పటి అనుకున్నా. విప్పితే విమానం తోక! తోక మీద గుడ్డ. "ఇది కుట్టగలరా?" అన్నాడు. నేను నవ్వాను. "అయ్యా, నేను చొక్కాలు కుడతాను, విమానాలకి కొలతలు తీసుకోను" అన్నాను. మా అక్క వెనక నుంచి వచ్చి గుడ్డ చేత్తో తడిమి, "అంగుళానికి ఎన్ని కుట్లు కావాలి?" అంది. అంతే, ఈయన అలా చూస్తూ నిలబడిపోయాడు. మర్నాడు వచ్చాడు, అక్క కుట్లు లెక్కపెడుతోంది. "అయిందాండీ?" అన్నాడు. అక్క తల ఎత్తింది. "నలభై రెండో, నలభై మూడో పోయింది. మీ వల్లే. మళ్ళీ మొదట్నుంచి" అని ఒకటి దగ్గర మొదలుపెట్టింది. ఇంకోసారి దగ్గాడు. "మళ్ళీ మొదట్నుంచి!" అరగంట పనికి పూట పట్టింది. వేరేవాళ్ళయితే విసుక్కుని పోతారు. ఈయన మాత్రం, "ఇంత పద్ధతి నేను గడియారాల్లో కూడా చూళ్ళేదు" అని మురిసిపోయాడు. మూడు నెలలు తిరక్కుండా నాకు బావయ్యాడు. నా కుట్టు కొట్టుకి వచ్చిన గిరాకీల్లో నష్టం తెచ్చిన గిరాకీ అదొక్కటే, మంచి పనిమనిషిని, అదే, పని తెలిసిన మనిషిని తీసుకుపోయాడు అనేవాణ్ణి ఆయన ముందే. "నిన్ను కూడా తీసుకుపోతాలేరా బామ్మర్దీ" అనేవాడు. అన్నట్టే చేశాడు. గుడ్డలు కుట్టడానికి అని తీసుకొచ్చి రెక్క పట్టుకోవడానికి నిలబెట్టాడు.

మొదటిరోజు నాకు ఏమీ అర్థం కాలేదు. ఇంజను లేని విమానమట. అదెలా లేస్తుంది బావా అంటే, మైదానం ఆ చివర లారీ మీద పెద్ద ఇంజను, దానికి చక్రం, ఆ చక్రానికి కిలోమీటరు పొడుగున తాడు. ఈ చివర తాడు కొస గ్లైడరు కడుపుకి తగిలిస్తారు. అక్కడ వాడు గిరగిరా చుడితే ఇక్కడ ఇది గాలిపటంలా లేస్తుంది. పైకెళ్ళాక నడిపేవాడు ముందున్న పసుపు గుండీ లాగి తాడు వదిలేస్తాడు, తాడు ఇదిగో ఈ గొడుగు పుణ్యమా అని మెల్లగా దిగుతుంది. నీకు తెలుసులే, నువ్వు నవ్వకు. నాకు అప్పుడు తెలీదుగా. అంతా కలిపి నిమిషం కూడా పట్టదు. "ఈ నిమిషంలోనేరా చచ్చేది" అనేవాడు బావ. "పైన గంటలు తిరిగినా ఏం కాదు. లేచేటప్పుడు తొందర, గొప్ప, మొహమాటం, ఈ మూడూ చంపుతాయి."

ఆయన పిచ్చి ఎలాంటిదో చెప్తా విను. గ్లైడరు రెక్కలు ఎంత పొడుగు, మధ్యలో ఒకటే చక్రం. అందుకే చివర ఓ మనిషి రెక్క పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తాలి. లేచే లోపల రెక్క కిందకి వాలి గడ్డికి తగిలిందనుకో, అవతల తాడు లాగుతూనే ఉంటుంది, బండి ఆ రెక్క మీద గిర్రున తిరిగి పల్టీ కొడుతుంది. అప్పుడు ఆలోచించడానికి లేదు, పసుపు గుండీ లాగెయ్యాలి. అందుకని ఎడమ చెయ్యి మొదట్నుంచీ గుండీ మీదే ఉండాలి. చాలామంది ఏం చేస్తారు? సర్దుకుంటుందిలే అని నడిపే కర్ర తిప్పుతూ కూర్చుంటారు. లాగితే ఎగిరే వంతు పోతుందని ఏడుపు. పోతే పోయె, ఇంకోసారి లైన్లో నిలబడతావు! మా బావ ఏం చేశాడంటే, ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఓ కుర్చీకి పసుపు గుండీ బిగించాడు. నేర్చుకునేవాళ్ళని భోజనానికి పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టేవాడు. పాపం వాళ్ళు ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే, "రెక్క పడింది!" అని కేక. వాళ్ళు ఉలిక్కిపడి గ్లాసు తన్నేవాళ్ళు, గుండీ మాత్రం లాగేవాళ్ళు కారు. మా అక్క వంటగదిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి తను లాగేది! గరిటె చేత్తోనే. "ఏవండీ, నేనే ముందు" అనేది. ఒక్కరోజు కూడా గ్లైడరెక్కని మనిషి ఈ ఊళ్ళో అందరికన్నా వేగం. అంత వేగంగా ఎలా లాగుతావే అంటే, "మీరు కేక వేసే ముందు మీసం కదులుతుంది" అంది. ఆ రోజు నుంచి గుడ్డ అడ్డం పెట్టుకుని కేక వేసేవాడు.

ఏం చెప్తున్నా? ఆ, మళ్ళీ మాస్టారు. గ్లైడర్లో కూర్చున్నాక తాడు తగిలించే ముందు గట్టిగా పైకి చదవాలి కదా. కర్ర తిరుగుతోందా, పెడళ్ళు కదులుతున్నాయా, బెల్టులు బిగిశాయా, మీటర్లు సరిగ్గా ఉన్నాయా, ముక్కు తూకం సర్దే ట్రిమ్ము సరిగ్గా ఉందా, పైన అద్దం మూత గడియ పడిందా, రెక్కల మీద బ్రేకు పలకలు మూసి లాకు పడిందా, ఆఖర్న, తాడు తెగితే ఏం చేస్తాను. ఈ వరసలో ఎవరైనా మధ్యలో పలకరించారనుకో, "మంచినీళ్ళు తాగుతారా" అన్నా సరే, చదివిందంతా రద్దు. "మళ్ళీ మొదట్నుంచి!" అని బావ కేక. తుమ్మితే మొదట్నుంచి. ఈగ వాలితే మొదట్నుంచి. ఓ లావుపాటి బ్యాంకు గుమాస్తా ఉండేవాడు, ఆయనకి ఒకరోజు ఏడుసార్లు చదివించాడు, ఆఖరికి ఆయన "మాస్టారూ, నేను దిగి పోతాను, నాకు ఆకలేస్తోంది" అన్నాడు. "వెళ్ళండి, ఆకలితో ఎగరడం కూడా తప్పే" అని దింపేశాడు. అంతా వెనక నవ్వుకునేవాళ్ళు, కోడిగుడ్డుకి ఈకలు పీకే రకం అని. ఆయనకి ఖాతరు లేదు. "మధ్యలో ఆగిన మనిషి ఎప్పుడూ ఆగిన చోటే మొదలుపెట్టాను అనుకుంటాడు. నిజానికి ఒకటి దాటి మొదలుపెడతాడు. గడియారాల్లో నలభై మరలు బిగించిన చేత్తో చెప్తున్నా" అనేవాడు.

ఇదంతా బానే ఉంది. మరి ఆయనలో లోపం లేదా? ఉంది. నోరు. వెటకారం. బావా బామ్మర్దులం కదా, నా మీద మరీను. రెక్క పట్టుకునేవాడికి ఏదైనా తేడా కనిపిస్తే ఆపు అని అరవాలి కదా. నేను కొత్తలో ప్రతిదానికీ అరిచేవాణ్ణి. ఓసారి రెక్క కింద పురుగు పాకుతుంటే ఏదో ఊడిందనుకుని అరిచాను. ఓసారి గుడ్డ మీద దారం వేలాడుతోందని అరిచాను, అది నేను కత్తిరించడం మర్చిపోయిన దారమే! ఇంకేం, దొరికాను. బావ కిందకి దిగి, నా ముందు చేతులు కట్టుకుని వంగి, "ఆపులయ్య గారూ, ఇక బయల్దేరమంటారా? తమ అనుమతి?" అన్నాడు. మైదానం మైదానం పడి పడి నవ్వింది. అప్పటి నుంచి నేను ఆపులయ్యని. వించి, అదే ఆ లారీ మీద తాడు చుట్టే ఇంజను, నడిపే ఆయన ఉండేవాడు, మాట్లాడ్డానికి కూడా బద్ధకం ఆయనకి, ఆయన సైతం కిలోమీటరు అవతల నుంచి "ఆపులయ్యా!" అని చెయ్యి ఊపేవాడు. ఆఖరికి ఇంట్లో మా అక్క, సొంత అక్క, "ఆపులయ్యా, అన్నానికి రా" అనేది. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారు కదా. కానీ అమ్మడూ, ఆ తర్వాత నేను మళ్ళీ అరవలేదు. ఎవరికీ తెలీలేదు ఆ సంగతి. తేడా కనిపిస్తే ఇంకోసారి చూసేవాణ్ణి, ఆ తర్వాత ఇంకోసారి చూసేవాణ్ణి, ఈ లోపల గ్లైడరు వెళ్ళిపోయేది. వెళ్ళి క్షేమంగా దిగేది. చూశావా, అరవకపోవడమే మంచిదైంది అనుకునేవాణ్ణి. కొస గట్టిగా పట్టుకో, జారిపోతోంది.

అప్పుడు ఈ మైదానం ఓ పెద్ద ఆసామిది. వేసంగి అయ్యాక దున్నించి చెరుకు వేస్తానన్నాడు ఆయన. వేస్తే మనకి ఇంక చోటు లేదు, గ్లైడర్లు మడిచి అటక మీద పెట్టుకోవడమే. బావ పోయి బతిమాలాడు. "ఒక్కసారి మీరే ఎక్కి చూడండి, ఆ తర్వాత దున్నించుకోండి" అన్నాడు. ఆసామి సరేనన్నాడు. ఇక ఆ రోజు చూడాలి! ఆయనా, ఆయన భార్యా, బంధువులూ, ఓ ఫొటోలు తీసే ఆయనా, కుర్చీలూ. మా బావ మీసానికి నూనె రాసుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నేనే కుట్టానది. రెండు సీట్ల బండి తీశాం. వెనక సీట్లో ఆసామి, ముందు సీట్లో బావ. రెక్క కొసన నేను. ఎండ మండిపోతోంది, ఆసామి అప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. బావ చదవడం మొదలుపెట్టాడు. కర్ర, పెడళ్ళు, బెల్టులు, మీటర్లు, ట్రిమ్ము, మూత గడియ... సరిగ్గా అక్కడ ఆ ఫొటోలాయన ముందుకొచ్చి, "మాస్టారూ, ఒక్కసారి ఇటు!" అన్నాడు. బావ తల తిప్పాడు. మీసం సవరించుకున్నాడు. నవ్వాడు. క్లిక్కుమంది. నేను నోట్లో నోట్లో అనుకుంటున్నా, ఇప్పుడు అంటాడు చూడు, మళ్ళీ మొదట్నుంచి అని. అనలేదు. ఆసామి వంక ఓసారి చూసి, "ఆఁ... తాడు తెగితే ముక్కు కిందకి" అని చదివేసి, తాడు తగిలించమని వేళ్ళు ఆడించాడు. బ్రేకులు దాటేశాడు, అమ్మడూ! ఎవరు? మీ తాత! ఈగ వాలితే మొదటికొచ్చే మనిషి!

నాకు తెలిసింది చదవడం వినడం వల్ల మాత్రమే కాదు. నేను టైలర్ని. అంచు అంచుకి కలిసిందా లేదా అని చూడ్డమే నా బతుకు. ఆ బ్రేకు పలకలు రెక్క మీద మూసుకుని నున్నగా కలిసిపోవాలి, లాకు పడితే. అక్కడ ఇంత, ఇదిగో ఈ దారం మందాన పైకి లేచి ఉంది. చూశాను. కళ్ళారా చూశాను. తాడు బిగుసుకుంటోంది, గడ్డిలో పాములా నిటారుగా అవుతోంది. నోటిదాకా వచ్చింది, ఆపు అని. అప్పుడు నాకు ఏం వినపడిందో తెలుసా? "ఆపులయ్య గారూ, తమ అనుమతి?" అన్న మాట. అంతమంది ముందు, ఆసామి ముందు, ఫొటోలాయన ముందు, పైగా అది కూడా దారమే అయితే? ఇంకోసారి చూద్దాం అనుకున్నా. నా నోరు పెగల్లేదు తల్లీ. రెక్క నా చేతిలోంచి వెళ్ళిపోయింది.

లేచింది. కొంచెం బానే లేచింది. తాటిచెట్టుకి రెండింతలు, మూడింతలు. అక్కడ గాలికి పలకలు ఫట్టుమని లేచిపోయాయి, రెండు రెక్కల మీదా. అవి దిగేటప్పుడు వాడుకునేవి కదా, ఎక్కేటప్పుడు లేస్తే ఏమవుతుంది? బండి ఎక్కనంటుంది. అవతల వించి ఆయన ఇది ఎందుకు బరువెక్కిందిరా అని ఇంకాస్త గట్టిగా లాగాడు. తాడు మొదట్లో ఓ చిన్న తునక పెడతాం చూడు, ఎక్కువ బలం పడితే అదే తెగేలాగ, అది టప్పున తెగింది. ముక్కు ఆకాశంలోకి ఉంది, లాగే తాడు లేదు. కుర్చీలో కూర్చున్న ఆసామి భార్య మాత్రం చప్పట్లు కొడుతోంది, పాపం, అదంతా ఆటలో భాగం అనుకుంది.

కానీ చూడు, ఆయన వేరేవాళ్ళని చంపుకు తిన్నదంతా ఆ రోజు ఆయనకే పనికొచ్చింది. చాలామంది అక్కడ ఏం చేస్తారు? తాడు తెగిందనగానే ఎటు దిగాలా అని పక్కకి తిప్పుతారు, వేగం లేకుండా తిప్పితే రాయిలా పడతారు. ఆయన ఏమనేవాడంటే, "ముందు ముక్కు కిందకి. తర్వాత వేగం వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చో. తర్వాతే ఆలోచన." అలాగే చేశాడు. ముక్కు కిందకి దింపేశాడు, ఎంత కిందకి అంటే కుర్చీల్లో వాళ్ళంతా లేచి నిలబడ్డారు. ఎంతకీ వేగం అందడం లేదేమిటా అని రెక్క వైపు చూశాడట. పలకలు కనపడ్డాయి. లివరు ముందుకి నెట్టాడు, పలకలు మూసుకున్నాయి. అప్పుడు అందింది గాలి. ఎటూ తిప్పలేదు, తిన్నగా ముందుకే దిగాడు. దిగి, దొర్లి దొర్లి, ఆ చివర వించి లారీ దగ్గర, వించి ఆయన కింద పెట్టుకున్న అన్నం క్యారియరుకి జానెడు దూరంలో ఆగాడు. బద్ధకం మనిషి కదా, లేవనైనా లేవలేదు, క్యారియరు మాత్రం ఇటు జరుపుకున్నాడట.

నేను పరిగెత్తాను. కిలోమీటరు. ఆ తర్వాత జన్మలో అంత పరిగెత్తలేదు. వెళ్ళేసరికి ఆసామి దిగి, ముఖం వెలిగిపోతూ, "మాస్టారూ, ఆ కిందకి వంచారు చూడండి, అద్భుతం! ఇంకోసారి తిప్పుతారా?" అంటున్నాడు. అవును అంటే అయిపోయేది. మైదానం మనదే, అక్కడికక్కడే. మా బావ టోపీ తీశాడు. "అయ్యా, అది ఆట కాదు. నేను బ్రేకులు లాకు వెయ్యడం మర్చిపోయాను. మీ ప్రాణం మీదకి తెచ్చాను. ఇవాళ ఇంక ఎవరం ఎగరం" అన్నాడు. ఆసామి ముఖంలో రంగు దిగిపోవడం నేను చూశాను. నడుచుకుంటూ భార్య దగ్గరికి వెళ్ళిపోయాడు. మైదానం ఇచ్చాడా అంటావా? ఇవ్వకపోతే పొద్దున నువ్వు ఎక్కడ నిలబడి అరిచావే! నాలుగు రోజులకి కబురు పంపాడు. తప్పు చేసి దాచుకోని మనిషి చేతిలో పొలం పెడితే భయం లేదు, ఉంచుకోమనండి, నన్ను మాత్రం ఎక్కమనకండి అన్నాడట. ఆ చివర కాస్త చెరుకు వేసుకున్నాడు లే, ఈ గొడుగు చిరిగింది దాని మీదే.

అది కాదు నేను చెప్పాలనుకున్నది. ఆ రోజు అందరూ వెళ్ళాక బావా నేనూ రెక్క నీడలో కూర్చున్నాం. ఆయన అరచేతులు చూసుకుంటున్నాడు. చిన్న చిన్న మరలు బిగించే చేతులు. అడిగాడు. "ఒరేయ్, నీ కంటికి దారప్పోగు తేడా కనపడుతుంది. పలక కనపళ్ళేదా?" కనపడింది అన్నాను. "కనపడిందా? మరి?" ఆయన గొంతు అంత మెల్లగా ఎప్పుడూ వినలేదు. నాకు ఏడుపొచ్చింది, చెప్పుకుంటే సిగ్గేమిటి, ఏడ్చాను. "ఆపులయ్య అంటారని, బావా" అన్నాను. నన్ను తిడతాడనుకున్నా. కొడతాడేమో అని కూడా అనుకున్నా. ఆయన గడ్డి పీకుతూ కూర్చున్నాడు. ఆ తర్వాత, "లాకు మర్చిపోవడం ఇవాళ్టి తప్పురా. నీ నోరు మాత్రం నేను ఆర్నెల్ల కిందటే కుట్టేశాను. టైలరు నువ్వు కాదు, నేను" అన్నాడు. అని లేచి వెళ్ళిపోయాడు.

మరుసటి వారం మైదానానికి ఓ రేకు డబ్బాతో వచ్చాడు. నిండా బిస్కెట్లు. అందర్నీ నిలబెట్టి చెప్పాడు, ఎవరైనా సరే, ఆపు అని అరవచ్చు. అరిచింది నిజమైతే ఏమీ ఇవ్వను, సరిచేసుకుని పోదాం. అరిచింది ఉత్తదైతే మాత్రం బిస్కెట్టు, నేనే రెండు చేతులతో ఇస్తాను. నవ్వినవాళ్ళు ఆ రోజుకి ఇంటికి పోవాలి అన్నాడు. మొదట్లో ఏమైందో ఊహించుకో! వించి ఆయన ఒక్కరోజులో పది సార్లు ఆపాడు. ఏమిటండీ అంటే, "అనుమానం" అంటాడు, చెయ్యి చాపుతాడు. బావ పది బిస్కెట్లూ ఇచ్చాడు, పదీ రెండు చేతులతో, మీసం కూడా కదలకుండా. మా అక్క, "ఆ వించి ఆయన్ని మనం బిస్కెట్లతో మేపాలా" అని సణిగింది. "పది ఉత్తవి పోతే పోయాయి, పదకొండోది దారప్పోగంత లేచిన పలక అయితేనో?" అన్నాడు బావ. రెండు వారాలకి వాళ్ళకే మొహం మొత్తింది. ఆ తర్వాత ఎవరైనా అరిస్తే నిజంగా ఏదో కనపడే అరిచేవాళ్ళు. నన్ను ఆపులయ్య అని మళ్ళీ ఎవరూ పిలవలేదు. నిజం చెప్పనా, ఇంట్లో అక్క అసలు పేరుతో అన్నానికి పిలిస్తే కొన్నాళ్ళు ఎవరినో అనుకునేవాణ్ణి.

ఆయన పోయింది గాల్లో కాదు, మంచం మీదే, పండు ముసలి అయ్యాక. ఆస్పత్రిలో ఆ నర్సమ్మ మాత్రలు లెక్కపెడుతుంటే ఎవరో తలుపు దగ్గర నుంచి పిలిచారు. ఆవిడ తల తిప్పి, మళ్ళీ లెక్క అందుకోబోయింది. ఈయన కళ్ళు మూసుకునే వేలు పైకెత్తాడు. మాట రావడం లేదప్పటికే. వేలు గుండ్రంగా తిప్పాడు. ఆవిడకి అర్థం కాలేదు. మా అక్క చెప్పింది, "మొదట్నుంచి లెక్కపెట్టమంటున్నారమ్మా" అని. ఆవిడ లెక్కపెట్టింది. ఒకటి ఎక్కువే ఉందట. అప్పుడు నవ్వాడు చూడు, మీసంలోంచి. నాకు ఆ నవ్వు చాలు. ఇప్పటికీ ఎప్పుడైనా మిషను తొక్కుతుంటే గుర్తొస్తుంది, కళ్ళు మసకేస్తాయి, కుట్టు వంకర పోతుంది. బావ మీద నాకు అంత ప్రేమ ఉందని ఆయన ముందు ఒక్కనాడూ అనలేదు. బావమరిది ఎలా అంటాడు అలాంటి మాట!

ఆయన పోయాక డబ్బా నా దగ్గరికొచ్చింది. కొన్నాళ్ళు బిస్కెట్లు పెట్టాం. ఓ వారం మర్చిపోయాం, ఇంకో వారం మర్చిపోయాం. ఎప్పుడు ఆగిందో ఎవరూ చూసుకోలేదు. ఖాళీగా ఉందని నేను సూదులు పెట్టుకున్నా, తర్వాత గుండీలు, తర్వాత కత్తెర. ఆఁ, అదే. నీ ముందున్నదే. ఏమిటలా చూస్తావు, అదే డబ్బా.

పొద్దున ఏమైంది? తోక కింద పెట్టి తోసుకొచ్చే చిన్న బండి ఉంటుంది కదా, అది తియ్యడం మర్చిపోతే గ్లైడరు తోక బరువెక్కి, ముక్కు పైకి ఎత్తేసి మనిషి పోతాడు. నీకు తోక కింద నల్లగా కనపడింది. బండి అనుకున్నావు. ఆపు అన్నావు. వెళ్ళి చూస్తే నీడ. ఆ బయట నుంచి వచ్చిన పైలట్టు గారు, "నీడని చూసి విమానం ఆపినవాళ్ళని ఇవాళే చూస్తున్నా" అన్నాడు. ఆయన అన్నాడని నీకు అంత బాధ లేదు, నాకు తెలుసు. పై ఊరి మనిషి, పోతాడు. నీ బాధ ఆ పేరు. నీడమ్మ. మధ్యాహ్నం దాకా అందరూ అదే పిలుపు. నువ్వు తోక దగ్గర వంగి చూస్తున్నావు అప్పుడు, వీపు ఇటు ఉంది. ఎవరు మొదట నవ్వారో, ఎవరు ఆ పేరు పెట్టారో నువ్వు చూళ్ళేదు.

నేనేనమ్మా.

నోరు జారింది. ఊరికే, సరదాకి. నవ్వు ఆగాక నీ ముఖం చూశాను. అది ఎవరి ముఖమో నాకు తెలుసు, ఆర్నెల్లు నేను వేసుకు తిరిగిన ముఖమే. ముసలాణ్ణి, ఇన్నేళ్ళు బావ పేరు చెప్పుకుని బతికినవాణ్ణి, నేనే మళ్ళీ... ఆ డబ్బా మూత తియ్యి. గట్టిగా ఉంటుంది, గోళ్ళతో లేపు. సూదులు గుచ్చుకుంటాయి, జాగ్రత్త, ఆ దిండు పక్కన పెట్టు. అడుగున కాగితం పొట్లం ఉంది. ఇప్పుడే మీరంతా తాడు చుడుతుంటే కొట్టుకి వెళ్ళి తెచ్చా. ఇలా ఇవ్వు. నీ అంతట నువ్వు తీసుకోకూడదు. ఇదిగో, రెండు చేతులా ఇస్తున్నా, తీసుకో. నవ్వడం లేదు, చూడు. నాకు మీసం లేదు కాబట్టి కనపడుతుంది.

తిను. మిగతావి డబ్బాలోనే ఉంచు, మూత సరిగ్గా పెట్టు, మెత్తబడతాయి. రేపు మైదానానికి నువ్వే తీసుకుపో, నా చేతికి ఈ గొడుగు ఉంటుంది. ఎన్నింటికి? ఆరింటికా? సరే. ఇప్పుడు ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టు, నాకు బెజ్జం కనపడ్డం లేదు. ఏమిటి, కళ్ళు బానే ఉన్నాయి, దుమ్ము పడింది. ఇంతకీ ఎన్ని కుట్లు అన్నాను? ఇరవయ్యా, ఇరవై ఒకటా? చూశావా, నీతో మాటల్లో పడి... ఆ కొస పట్టుకో. ఒకటి. రెండు. మూడు.